ఆరింటికి మెట్లు దిగిన మనిషి

14 జనవరి 2019, సోమవారం

మా మెట్ల సందుకి గేట్లు పెట్టారు. పైన హై స్ట్రీట్ వైపు ఒకటి, కింద కౌగేట్ వైపు ఒకటి. నల్ల ఇనుము, నంబర్లు నొక్కే తాళం. పొద్దున పాలకని దిగితే పనివాళ్ళు రాతిగోడకి డ్రిల్లింగు చేస్తున్నారు. ఎవరు పెట్టమన్నారంటే ఓనర్లు అన్నారు. నేనూ ఓనర్నే, నన్నెవరూ అడగలేదే అన్నాను. చీటీ మీద నంబరు రాసి చేతిలో పెట్టారు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఉంటున్న ఇంటికి నంబరు గుర్తుపెట్టుకుని పోవాలట!

ఈ మెట్ల చుట్టూ పన్నెండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళు ఒకే కంపెనీ కొనేసి టూరిస్టులకి అద్దెకిస్తోంది. మిగిలింది నేనే.

16 జనవరి

కిటికీలోంచి తల బయటపెడితే కింది గేటు దాకా కనిపిస్తుంది. కింద కౌగేట్ మూలన ఉండే ఎల్స్‌పెత్ వచ్చింది. చేతిలో సంచి. గేటు రెండుసార్లు ఊపి చూసింది. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

బాగా అయింది అనుకున్నాను. అనుకున్నదే రాస్తున్నాను, ఎవరు చదవొచ్చారు గనక.

22 జనవరి

కంపెనీ మనిషి వచ్చాడు. పేరు క్రైటన్. ఊరు లండన్. బూట్లు తుడవకుండానే లోపలికొచ్చాడు. తెల్లారేసరికి సందులో తాగుబోతులు, సీసా పెంకులు, మీలాంటి పెద్దవాళ్ళ భద్రత కోసమే అంటాడు. ఆ తాగుబోతులు నీ పదకొండు ఇళ్ళలో దిగినవాళ్ళే నాయనా అన్నాను.

చరిత్ర కూడా వెంట తెచ్చుకున్నాడు. నాలుగొందల ఏళ్ళ నాటి దస్తావేజు నకలు. అప్పట్లో 'వైండ్' అంటే బళ్ళు తిరిగే, అందరూ నడిచే దారి. మా సందులాంటిది ఇంటాయన సొంతం. రాత్రి కాగానే తలుపులు వేసేసేవారు. "క్లోజ్ అంటేనే మూసేది కదా మేడమ్" అన్నాడు. ఇలాంటి సందుని మేం 'క్లోస్' అంటాం, 'జ' కాదు. ఆ ఒక్క అక్షరానికి నాలుక తిరగనివాడు నాకు నా సందు చరిత్ర చెప్పాడు.

ఒళ్ళు మండింది ఎందుకంటే వాడు చెప్పింది నిజమే. సందు మొదట్లో రాతిలో రెండు ఇనుప కొక్కేలున్నాయి, పాత తలుపు వేలాడినవి. ఈ సందు ఒకప్పుడు కొవ్వొత్తులవాడిది, తరవాత ఒక లాయరుది, ఆ తరవాత డన్‌సైర్ అని విగ్గులు చేసేవాడిది. ఇల్లు ఎవడిదైతే సందుకి వాడి పేరే. డబ్బున్నవాళ్ళంతా కొత్తగా కట్టిన న్యూ టౌన్‌కి తరలిపోయాక గదికి పదిమంది చేరారు. కింద నుంచి నీళ్ళ కావిళ్ళు, చేపల బుట్టలు ఈ మెట్ల మీదుగానే ఎక్కేవి. ఆ తలుపు చెక్క ఏ చలికాలమో ఎవరి పొయ్యిలోకో పోయి ఉంటుంది. ఈ సంగతి దస్తావేజులో ఎవరు రాస్తారు!

29 జనవరి, మధ్యాహ్నం 3

కౌన్సిల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కట్రీనా ఇన్నెస్. నడక దారుల ఆఫీసు. షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు పెడితే మొహమాటం లేకుండా నాలుగు తింది. నచ్చింది నాకు.

నాలుగొందల ఏళ్ళ సంగతి వదిలేయమంది. చట్టానికి కావలసింది ఈ మధ్య ఇరవై ఏళ్ళేనట. ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం నడిచి ఉండాలి. మధ్యలో ఆగకుండా. బహిరంగంగా. ఎవరి అనుమతీ అడక్కుండా. అది రుజువైతే గేట్లు తీయించొచ్చు. కానీ రుజువేదీ? పాత కాపురాలన్నీ ఖాళీ చేసి పోయాయి, టూర్ గైడ్లు ఏడాదికొకరు మారతారు. ఫొటోలు, ఉత్తరాలు, డైరీ ఏమన్నా ఉన్నాయా మిసెస్ పర్విస్ అని అడిగింది.

లేవన్నాను.

అదే రోజు, 5

మధ్యలో ఆగకుండా, బహిరంగంగా, ఎవరి అనుమతీ అడక్కుండా. ఈ పిల్ల మా ఆయన గురించి చెబుతోందా ఏమిటి అనుకున్నాను.

ఎప్పుడూ తిన్నగా రాసుకోలేదు. ఇవాళ రాస్తాను. ఎల్స్‌పెత్ కెయిర్నీ, నేను కిల్టుల దుకాణంలో పక్కపక్క మిషన్ల మీద కుట్టినవాళ్ళం. కౌగేట్‌లో సందు మూలనే దాని ఇల్లు. 1998 మార్చిలో మా డగ్, సిటీ బస్సు డ్రైవరు, సాయంత్రం ఆరింటికి పేకాట అని చెప్పి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మూడో రోజు వెనకాలే దిగి చూశాను. ఎల్స్‌పెత్ తలుపు తీసింది. నేను తిరిగి మెట్లెక్కి వచ్చి బంగాళాదుంపలు ఉడకేశాను.

ఆయన్ని ఒక్కమాట అనలేదు. దానితో మాట్లాడ్డం మానేశాను. రాయడం మొదలుపెట్టాను. 'ఆరింటికి దిగాడు. ఎనిమిదికి ఎక్కాడు.' వానొచ్చినా, మంచు పడినా, క్రిస్మస్ అయినా. 2014లో ఆస్పత్రిలో చేరేదాకా పదహారేళ్ళు. ఆయన పోయినా నాకు కిటికీ అలవాటు పోలేదు. ఎల్స్‌పెత్ మందుల షాపుకని సందులోంచి ఎక్కడం, దిగడం రాస్తూ వచ్చాను, మొన్న మొన్నటిదాకా. పదకొండు నోటుబుక్కులు. బీరువాలో, దుప్పట్ల కింద.

చచ్చినా ఇవ్వను.

2 ఫిబ్రవరి

మందుల షాపులో ఎల్స్‌పెత్ కనపడింది. సందు లేదు కదా, సెయింట్ మేరీస్ స్ట్రీట్ ఎత్తు చుట్టి వచ్చింది. పట్టుకోడానికి ఏమీ లేని ఎత్తు. మంచు మీద జారిందట, అరచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. మా మెట్లకైతే చేతికి కడ్డీ ఉంది, మలుపు మలుపునా కూచోడానికి గట్టుంది. దానికి తుంటి నొప్పి, ఆ కడ్డీ పట్టుకునే లాక్కొచ్చింది ఇన్నాళ్ళూ.

అది వెళ్ళాక షాపావిడ చెప్పింది. ఇలాగైతే లాభం లేదని కౌన్సిల్ వాళ్ళు దాన్ని ఊరి చివర గిల్మర్టన్‌లో లిఫ్టున్న ఇంటికి మారమన్నారట. వచ్చే నెలాఖరుకి జవాబు చెప్పాలట. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కౌగేట్ దాటి ఎక్కడా ఉండి ఎరగదు.

3 ఫిబ్రవరి

పోతే పీడా పోతుంది. పైకే అన్నాను, మూడుసార్లు.

9 ఫిబ్రవరి

పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి కిటికీకి. టీ పెట్టి తాగడం మర్చిపోయాను, రెండుసార్లు. చివరికి నోటుబుక్కులు తీసి ముందేసుక్కూచున్నాను.

2003 జనవరిలో డగ్‌కి ఫ్లూ. వారం రోజులు 'దిగలేదు' అని ఉంది. ఐదో రోజు ఇలా రాశాను: 'ఎల్స్‌పెత్ మా మెట్ల దాకా వచ్చి మంచులో పది నిమిషాలు నిలబడింది. బెల్లు కొట్టలేదు. వెళ్ళిపోయింది. నాకు చాలా సంతోషంగా ఉంది.' అది రాసినట్టే గుర్తు లేదు. నా చేతిరాత చూసి నాకే సిగ్గేసింది.

20 ఫిబ్రవరి

ఇన్నెస్‌కి ఫోన్ చేశాను. డైరీ ఉంది, అబద్ధమాడాను అన్నాను. తేదీలు మాత్రం రాసిస్తాను, పేర్లు వద్దు అన్నాను. కుదరదట. గేట్ల మీద విచారణ ఉంటుంది, అసలు పుస్తకాలే అందులో పెట్టాలి, కంపెనీ లాయరూ చదువుతాడు. పైగా ఒక్కరి పుస్తకం చాలదు, కల్పించి రాసిందంటారు. అందులో ఉన్న మనిషెవరైనా వచ్చి నిజమే అని చెప్పాలట. ఆయన పోయాడన్నాను. ఇంకెవరూ లేరా అంది.

ఫోన్ పెట్టేశాను.

21 ఫిబ్రవరి, సాయంత్రం

గేటు నంబరు నా దగ్గరున్నా, నేనూ సెయింట్ మేరీస్ స్ట్రీట్ చుట్టే దిగాను. ఎల్స్‌పెత్ తలుపు తట్టాను. తలుపు ఓరగా తీసి, నన్ను చూసి గొలుసు తీయలేదు. గుమ్మంలోనే అంతా చెప్పాను. పదకొండు పుస్తకాలని చెప్పాను.

"అయితే నీకు తెలుసన్నమాట" అంది.

"మూడో రోజు నుంచీ."

"మరి ఒక్కమాటా అనలేదేం, నెట్టా?"

"అంటే మానేసేవాడా?"

అది నిజంగానే ఆలోచించింది. అరచేతికి ఇంకా కట్టు ఉంది. "మానేసేవాడే" అంది. "నువ్వంటే వాడికి హడలు. నువ్వు ఒక్కసారి అరుస్తావని ఏళ్ళ తరబడి ఎదురుచూశాం."

విచారణకి వచ్చి చెప్పమని అడిగాను. ఏ మొహం పెట్టుకుని వస్తాననుకున్నావు, చర్చికెళ్ళే దాన్ని, దానికన్నా గిల్మర్టన్ నయం అంది. తలుపు వేసేసింది.

22 ఫిబ్రవరి

పదహారేళ్ళు. ఒక్కసారి అరిస్తే సరిపోయేదట.

25 ఫిబ్రవరి

పుస్తకాలు ఇచ్చేశాను. ఇన్నెస్ రెండు చేతులతో తీసుకుంది. రసీదు ఇచ్చింది. బీరువాలో దుప్పట్లు కుంగిపోయి ఉన్నాయి, వాటిని మళ్ళీ మడతపెట్టాను. ఎందుకిచ్చావంటే చెప్పలేను. ఆ రక్తం కారే చెయ్యి కళ్ళలోంచి పోవడం లేదు.

12 మార్చి

విచారణ. ముప్ఫైమంది దాకా వచ్చారు. సగంమంది మా చర్చివాళ్ళే. ఎల్స్‌పెత్ రాలేదనుకున్నాను.

కంపెనీ లాయరు నా పుస్తకం తీసి గట్టిగా చదివాడు. 'ఆరింటికి దిగాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎనిమిదికి ఎక్కాడు. నా పుట్టినరోజని గుర్తు లేదు.' ఎవరో కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. అయినా లేచి పోలేదు, కుర్చీ అంచు పట్టుకుని కూచున్నాను.

ఇవి ఒక అనుమానపు పెళ్ళాం ఊహలు అన్నాడు. ఒకవేళ నిజమే అనుకున్నా, ఇలాంటి పనికి పోయే మనిషి చాటుగానే పోతాడు, చాటుగా నడిస్తే చట్టం లెక్కలోకి రాదు అన్నాడు. ఏమంటారు మిసెస్ పర్విస్, మీ ఆయన చాటుగా వెళ్ళేవాడు కాదా?

"చాటా?" అన్నాను. "ఈలేసుకుంటూ దిగేవాడండీ. ఆరు అంతస్తులకీ వినపడేది."

ఈసారి అందరూ నవ్వారు. అప్పుడు వెనక వరసలో కర్ర చప్పుడైంది. ఎల్స్‌పెత్. చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చింది.

"ఆ ఈల నేనూ విన్నాను" అంది. "ఆరూ పదికల్లా మా గుమ్మంలో ఉండేవాడు. ఈవిడ రాసిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు."

సందులో నడవడానికి అతను ఎవరి అనుమతైనా తీసుకున్నాడా అని లాయరు అడిగాడు. ఎల్స్‌పెత్ నావైపే చూస్తూ చెప్పింది.

"లేదండీ. అడగాల్సిన మనిషి ఒక్కతే. ఆవిణ్ణే అడగలేదు మేం."

ఆ తరవాత టీ ఇచ్చారు. ఎవరూ మా ఇద్దరి దగ్గరికీ రాలేదు. అది సెయింట్ మేరీస్ స్ట్రీట్ మీదుగా ఇంటికి నడుస్తుంటే ఇరవై అడుగులు వెనక నేనూ నడిచాను, పడిపోతుందేమోనని. వెనక్కి తిరగలేదు. నేనున్నానని దానికి తెలుసు.

30 మార్చి

గిల్మర్టన్ ఇల్లు వద్దని చెప్పేసిందట. మందుల షాపావిడ చెప్పింది. ఇంకా తీర్పు రాందే! తీర్పు ఎదురు తిరిగితే ఏం చేస్తుంది? రోజుకి మూడుసార్లు కిందికెళ్ళి పోస్టు చూస్తున్నాను.

17 మే

పొద్దున గేట్లు విప్పుకుపోయారు. మధ్యాహ్నం ఎల్స్‌పెత్ మెట్లెక్కి వచ్చి బెల్లు కొట్టింది. చేతిలో కౌన్సిల్ ఉత్తరం. కళ్ళజోడు మర్చిపోయి వచ్చింది, చదివి పెట్టమంది. కూచోబెట్టి గట్టిగా చదివాను. మా సందు అందరూ నడిచే దారేనట. కారణాల్లో మొదటిది: స్వర్గీయ డగ్లస్ పర్విస్ గారు పదహారు సంవత్సరాల పాటు ప్రతి సాయంత్రం నియమం తప్పకుండా ఈ దారిని ఉపయోగించియున్నారు.

ముందు ఎవరు నవ్వారో ఇందులో రాయను.