మస్తాన్‌బీ నిలబడే బల్ల

1996 జూన్ 11, మంగళవారం
మళ్లీ ఉదయగిరి, మస్తాన్‌బీ ఇల్లు. బల్ల ఇచ్చి నెలయింది. నేల మీద కూర్చుని చెక్క గరిటెలు చెక్కీ చెక్కీ ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. అందుకే నిలబడి చెక్కుకునే బల్ల, పైన చెక్కను బిగించే ఇనుప వైస్. నా ఇంజనీరింగ్ ఆఖరేడు ప్రాజెక్టు. వాడేవాళ్లను అడక్కుండా గీత గీయొద్దన్నారు లెక్చరర్. అడుగుతూనే ఉన్నాను. ఎప్పుడూ ఒకటే మాట... "బాగుండాది నాయనా." టీ ఇచ్చింది. నోట్సులో రాశాను: సంతృప్తి.

జూన్ 15, శనివారం
నేల మీదయితే చెక్కను కాలివేళ్లతో తొక్కిపట్టి చెక్కేది. వైస్ ఇంకా గట్టిది కదా అన్నాను. "చెక్క పగలబోతా ఉంటే కాలికి ముందే తెలుస్తాది." నవ్వేశాను. రాసుకోలేదు.

జూన్ 20, గురువారం
చెప్పకుండా వెళ్లాను. బల్ల నిండా బిందెలు. ఆమె నేల మీద, చెక్క కాలి కింద. నన్ను చూసి తడబడుతూ లేచింది. కోడలు నూర్జహాన్ దాచలేదు — "నువ్వొచ్చే మంగళ, శనివారాలే అత్త నిలబడేది. ఇంటికొచ్చిన పిల్లోణ్ణి చిన్నబుచ్చుతామా అంటాది."
సిగ్గేసింది. కోపం కూడా. నెల రోజుల నోట్సులో ఉన్నదంతా ఆమె మర్యాదే, నా బల్ల సంగతి ఒక్క ముక్క లేదు.
ఆత్మకూరు బస్సులో కొత్తది గీశాను. కూర్చోడానికి ఎత్తు పీట, కాలి కిందే చెక్క. అక్షరాలు అష్టవంకర్లు.

జూన్ 21
లెక్చరర్ చూడనైనా చూడలేదు. "సోమవారం బయటి నుంచి అధికారులు ప్రాజెక్టు చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే ఇంకో పది బల్లలు చేయిస్తారు. ఇప్పుడా మార్చేది? బాగుందని కాగితం రాసి ఆమెతో వేలిముద్ర వేయించుకురా."
సరేనన్నాను. ఎందుకన్నానో.

జూన్ 22, శనివారం
వెళ్లేసరికి బిందెలన్నీ కింద. బల్ల మీద నెత్తురు. బస్సు హారన్ విని నేనొస్తున్నానని హడావిడిగా నిలబడిందట. వైస్‌లో చెక్క పగిలింది, ఉలి జారి ఎడమ అరచేతిలో దిగింది. ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. ఐదు కుట్లు. రెండు వేళ్లకు పట్టు వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు.
బయట బెంచీ మీద, నా జేబులోంచి కనబడుతున్న కాగితం, ఇంకుప్యాడ్ చూసి — "కాయితం తెచ్చినావా? బల్ల బాగుండాది నాయనా. నా చెయ్యే తిన్నగా పోలా."
వద్దనాలి. అనలేదు. ఇంకుప్యాడ్ తెరిచి పట్టుకున్నాను. కుడి బొటనవేలు వేసింది.

జూన్ 23
 వేలిముద్ర కాగితం నోట్సులో ఉంది, కొత్త బొమ్మ పక్కనే. వాడేవాళ్లను అడిగావా అంటారు రేపు వచ్చేవాళ్లు.
ఆ కాగితం ఇంకా చించలేదు.