చెరుకు బండి గజ్జెలు

నాయినా,

కిరాయి బండి మీద నువ్వు చేతితోని చెరుకు రసం తీసిన బొంబాయి రోడ్డు మీదనే, నువ్వు పోయిన ఏడాదికి, ఇయ్యాల అన్న సొంత దుకాణం తెరిసిండు. బుజం నొస్తుంటే నువ్వు కావాలని తండ్లాడిన కరెంటు మోటరు గుడ పెట్టిండు. ఇప్పుడొస్తే ఏం ఫాయిదా?

ఆ బండి చక్రానికి నువ్వు కట్టుకున్న గజ్జెలు అమ్మ తెచ్చి కొత్త మిషిని చక్రానికి కట్టింది. అవి మోగితేనే గిరాకి వస్తదని అంటుంటివి గద. మోటరు చప్పుడుకు ఒక్కటి గుడ ఇనబడలే. అమ్మ మూలకు కూసుంది.

అంతల్నే కరెంటు పోయింది. గిరాకి నిలబడ్డది. అమ్మ లేచి చేతితోని చక్రం తిప్పింది, గజ్జెలు మోగినయ్. ఎదురుంగ పంచర్ ఏస్తున్న ఖాదర్ చాచా తల ఎత్తకుంటనే, "యాదయ్యా, ఒక గిలాస. బర్ఫ్ ఒద్దు" అన్నడు. అన్నంక నువ్వు లేవని యాదికొచ్చి, చేతిల ఉన్న ట్యూబు కింద పెట్టిండు.

అమ్మ ఐసు ఏయకుంట గిలాస నింపి నాతోని పంపింది. చాచా తాగలే, పట్టుకొని కూసున్నడు.

కరెంటు వచ్చింది. అన్న మోటరు ఏస్తనంటే అమ్మ చక్రం ఇడువలే.

"జర ఆగు బిడ్డా, చాచాను తాగనియ్."