కారని డ్రమ్ము

మరదలికి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, మీ బావ భయం భయంగా రాస్తున్న ఉత్తరం ఇది.

తప్పు నాదే. మా షెడ్డు పక్క హాల్లో నువ్వు కప్పు దాకా పేర్చిన మూడొందల ఆయిల్ డ్రమ్ములను నీ కళాప్రదర్శనకు ముందురోజే చూద్దామని వచ్చాను. పై డ్రమ్ము నుంచి చుక్కచుక్కగా ఆయిల్ కారుతోంది. ముప్పయ్యేళ్లుగా మెకానిక్‌ని, కారేది కనిపిస్తే నా చెయ్యి ఊరుకుంటుందా? నిచ్చెనెక్కి కొత్త వాషర్ వేసి బిగించేశాను. లోకమంతా చమురు మీదే బతుకుతోందని చెప్పాల్సింది ఆ చుక్కేనని నాకేం తెలుసు? "ఉత్త డ్రమ్ములు చూడ్డానికా మమ్మల్ని పిలిచారు?" అని వచ్చినవాళ్లు నీ మీద పడ్డారట.

ఇవాళ పొద్దున మళ్లీ కార్పిద్దామని చూశాను. వదులు చేస్తే ధార కడుతోంది, బిగిస్తే ఆగిపోతోంది. ఆపడమే తప్ప కార్పించడం నాకు చేతకాదమ్మా. అందుకని ఎన్ని వాషర్లు మార్చినా పదకొండేళ్లుగా ఆగకుండా ఆయిల్ కారుతున్న నా స్కూటర్ని డ్రమ్ముల ముందు నిలబెట్టి వచ్చాను. జనం దాని చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటున్నారు.

బండి లేదు కాబట్టి సాయంత్రం నడిచే ఇంటికొచ్చాను. మీ అక్క గడియారం చూసి, "నడిస్తే పావుగంటా? మరి రోజూ బండి మీద గంటన్నర ఎందుకు పడుతోంది?" అంది.

ఇన్నేళ్లూ పెట్రోలు బంకులో క్యూ అని చెప్పి, పేకాట ముగించుకుని వచ్చేవాణ్ణి.

నేనూ చమురు మీదే బతుకుతున్నానని ఇప్పుడు అర్థమైంది. స్కూటర్ని తొందరగా పంపించు తల్లీ.

మీ బావ