మూత పెట్టేసిన అన్నం డబ్బా

నతానియేలుకు అమ్మ దీవెనలు. నీ నడుం నొప్పి ఎలా ఉంది? పాపకు దగ్గు తగ్గిందా? నర్సు డ్యూటీలో కోడలు ఫ్లోరెన్స్ వేళకు తింటోందా?

నాకు జ్వరమొస్తే ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. తగ్గింది, కంగారుపడకు. మధ్యాహ్నం అక్కడి నర్సమ్మ అన్నం డబ్బా ముందు కళ్లు మూసుకుని కూర్చుంది. "నిద్రోతన్నావేటి గుంటా, సీసా అయిపోతంది" అని అందరిలో అరిచాను. "పార్థన సేసుకుంటన్నానమ్మా, వస్తన్నాను" అని మూత పెట్టేసి వచ్చింది. సాయంత్రం దాకా ఆ డబ్బా అలాగే ఉంది. ప్రతి ఆదివారం చర్చికెళ్లే దాన్ని, ఆమె ముఖం చూడలేకపోయాను.

ఫ్లోరెన్స్ పై చదువుకు వెళ్తే పాపను చూడనన్నాను కదా. ఆ మాట మనసులో పెట్టుకోవద్దను, చదువులో చేరిపొమ్మను. పాప రాగిజావకు చోడిపిండి ఉందా, తేనా? దేవుడు మీకు తోడుండాలి. ఇక కోడలి డబ్బా నేనే కడతాను. పదిహేనో తారీకు సోమవారం కిరండోల్ రైలుబండికి వస్తున్నాను.