సగం మెమరీకి తాళం

మంగళవారం, బోధన్

సాయంత్రం 4.10కి రైతు సాయవ్వ వీడియో చివరి వరకు తయారైంది. పొద్దుటి నుంచి ఐదుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. రేపు కాలువ నీళ్ల వంతులు ఖరారు చేస్తారు. ఎడపల్లిలో కాలువ చివరన ఆమె చెరకు ఎండుతున్న సంగతి అధికారులు అంతకుముందే చూడాలి.

ఐదోసారీ ఆగాక కంప్యూటర్‌ను రిపేరు షాపు రజియా అక్క దగ్గరికి తీసుకెళ్లాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని పంచుకునే యంత్రం అది. గత వారం అందులో సెట్టింగ్ మార్చింది నేనే.

"సగం మెమరీ గ్రాఫిక్స్‌కే రాసిచ్చి తాళమేసినవ్ అన్నా. ఇగ ప్రాసెసర్ ఏం తిని పని చేస్తది?" అంది అక్క.

"వీడియో పనికి ఎంత ఎక్కువిస్తే అంత మంచిదనుకున్న అక్కా."

"కాలువ మొదట్ల ఉన్నోళ్లు గట్లనే అనుకుంటున్రని నువ్వే పేపర్ల రాస్తివి గద!" అని నవ్వింది.

తాళం తీసేసి, అవసరాన్ని బట్టి మెమరీ అటూ ఇటూ మారేలా పెట్టింది. "ఎవ్వలికెంత గావాల్నో గంతే తీస్కుంటది, పనైనంక వాపస్ ఇస్తది. చాయ్ తాగు, గంతల్నే అయితది."

అయింది. షాపులో నలుగురు ఎదురుచూస్తున్నా నా పనే ముందు చేసింది. ఆ మేలు మరిచిపోను.

ఇద్దరిని అడగనిదే వార్త రాయను. ఈ సెట్టింగ్ మాత్రం ఒక్కరినీ అడగకుండా మార్చాను. ఇంకా ఎక్కడెక్కడ ఇలా చేశానో...

రేపు ఉదయం 10.30కి నీటిపారుదల కార్యాలయంలో వీడియో వేస్తారు. సాయవ్వ ఎనిమిది గంటల బస్సుకే వస్తానంది.