నానబెట్టని ఫాల్

మధురవాడ,
జూన్

ప్రియమైన బావా,

మేం ఆటో ఎక్కుతుంటే నువ్వు చెయ్యి ఊపకుండా మొహం తిప్పేసుకున్నావు. చూశాను. అయినా మొదటి ఉత్తరం నీకే రాస్తున్నాను. ఇక్కడ చేరిన రోజే ఫోన్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు ఇస్తారట. అప్పుడు జయశీల, మా పిల్ల దీనా నాకు చెరో పక్కనా నిలబడి ఉంటారు. నీతో మనసు విప్పి మాట్లాడే వీలుండదు. అందుకే ఈ కాగితం, పెన్ను.

మధురవాడ దాటాక కొండవైపు తిరిగే రోడ్డులో ఉంది క్యాంపస్. పాస్టర్లు కావాలనుకునేవాళ్ళకు ఇక్కడ రెండేళ్ళ తర్ఫీదు. పెళ్ళయినవాళ్ళు భార్యాపిల్లలతో సహా వచ్చి ఉండాలి. మాకిచ్చింది ఒక గది, ఒక వంటిల్లు. మధ్యలో గోడ లేదు, ప్లైవుడ్ చెక్క. వంటింట్లో జయశీల నిట్టూర్చినా గదిలో నాకు వినిపిస్తుంది. ఆవిడ నిట్టూర్పులకు కొదవ లేదు.

గాజువాకలో చీరలకు పికో, ఫాల్ కుట్టే ఆవిడ దుకాణం మూయించి తీసుకొచ్చాను కదా, ఆ కోపం. "దేవుడు మిమ్మల్ని పిలిసేడు, నన్ను కాదు. నాను వంటకొచ్చేను," అంటోంది. ఇక్కడ భార్యలకు కూడా రోజూ క్లాసు ఉంటుందని తెలిశాక మూతి ఇంకా ముడుచుకుంది. దీనాకు మాత్రం అంతా సరదాగా ఉంది. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవడం. ఆ గంట కొట్టే పని తనకివ్వమని వాచ్‌మన్‌ను రోజూ వేధిస్తోంది.

నాకైతే చాలా బాగుంది బావా. ఇన్నేళ్ళు స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్ల దగ్గర పొగ మింగినవాణ్ణి, ఇప్పుడు పొద్దున్నే గాలి పీలుస్తూ చదువుకుంటున్నాను. ప్లాంటులో నా సెలవు అక్టోబరు దాకా ఉంది. ఆలోపు రాజీనామా ఇవ్వాలి, లేదంటే తిరిగి చేరాలి. తిరిగొస్తానని నువ్వు ఆశ పెట్టుకోకు.

ఇట్లు,
నువ్వు మొహం తిప్పుకున్నా నీ బావే,
దేవకుమార్


ఉక్కునగరం,
జూన్ ఆఖరు

బావా,

"ప్రియమైన" అని రాస్తే మా ఇంటావిడ హేమశ్రీ చూసి నవ్వుతుంది. అది నువ్వే చేర్చుకుని చదువుకో.

నేను మొహం తిప్పింది ఎండ కళ్ళల్లో పడుతోందని. షిఫ్టు బస్సులో నీ సీట్లో ఇప్పుడు అర్జునరావు కూర్చుంటున్నాడు. ఎక్కీ ఎక్కగానే నిద్రపోతాడు, అదీ నా భుజం మీద. నీకేం, అక్కడ ఎటు చూసినా బ్రదర్లేనట. ఇన్నేళ్ళు ఒకే క్యారేజీలో తిన్నవాడు బావ. మొన్న కనబడ్డవాళ్ళు బ్రదర్లు. బాగుంది. నాకు కుళ్ళని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

మా చెల్లెమ్మ దుకాణం షట్టరు ముందు ఒకావిడ చీర పట్టుకుని నిలబడి ఉంటే హేమశ్రీ వెళ్ళి చెప్పిందట, "జయ ఇంక రాదమ్మా, ఆల్లాయన్ని దేవుడు పిలిసేడు," అని. దానికావిడ, "పిలిస్తే పిలిసేడు. మా పిల్ల పెళ్ళి సీరకి ఫాల్ ఎవులు కుడతారు?" అందట. ఆ మాటకు జవాబు నీ దగ్గరుంటే రాయి. కుట్టు మిషన్ మా వరండాలో దుప్పటి కప్పి ఉంచాను. చెల్లెమ్మతో బెంగ పెట్టుకోవద్దని చెప్పు.

ఇట్లు,
అర్జునరావు తలగడ,
సన్యాసిరాజు


మధురవాడ,
జూలై

ప్రియమైన బావా,

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటి జరిగింది.

శనివారాలు మాకు ప్రసంగం అలవాటు చేయిస్తారు. ఒకరు మాట్లాడాలి, మిగతావాళ్ళు అందులో లోపాలు చెప్పాలి. నా వంతు వచ్చింది. వారమంతా రాసుకున్నాను. మన ఓవెన్ల అగ్నిని చెప్పి, ఆ అగ్నిలోంచి విశ్వాసంలోకి వెళ్ళాను. అంతా అయ్యాక ప్రిన్సిపాల్ అయ్యగారు మెల్లగా, "బాగా సిద్ధపడ్డారు బ్రదర్. కాకపోతే సేఫ్టీ మీటింగులో కూర్చున్నట్టుంది," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో.

అదే వారం భార్యల కూడికలో జయశీలను మాట్లాడమన్నారు. నేను అటుగా వెళుతూ కిటికీ దగ్గర ఆగాను. మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత చప్పుడు లేదు. ఆ తర్వాత ముక్కులు చీదుకోవడం. ఇంటికొచ్చాక ఏం మాట్లాడావని అడిగితే, "ఏటి మాటాడతాను? ఫాల్ గురించి సెప్పేను," అంది.

విను. చీరకు ఫాల్ కుట్టేముందు ఆ గుడ్డను నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలట. తొందరపడి కొత్త గుడ్డను అలాగే కుట్టేస్తే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోతుంది, దాంతోపాటు పట్టుచీర అంచంతా ముడుచుకుపోతుంది. "మనల్నీ నానబెట్టకుండానే తెచ్చి ఇక్కడ కుట్టేసేరు. అందుకే ఈ ముడతలు. దేవుడిప్పుడు కుట్లు ఇప్పి, మనల్ని నానబెడతన్నాడు," అందట. దానికి ఏడుపులు! నేను భగభగ మండే అగ్ని గురించి చెబితే ఒక బ్రదర్ ఆవులించాడు.

అప్పటినుంచి ప్రతివారం ఆవిడనే అడుగుతున్నారు. వంటింట్లో చపాతీ పిండి పిసుకుతూ ఆ దుకాణం, ఫాల్ సంగతులే పైకి అనుకుంటుంది, ఒక మాట తీసేసి ఇంకోటి పెట్టుకుంటుంది. ప్లైవుడ్ ఇవతల నేను పుస్తకం ముందేసుకుని కూర్చుంటాను. వినకూడదనే అనుకుంటాను. చెవులు వింటాయి. ఏ మాట దగ్గర ఆగుతుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తుందో నాకు తెలిసిపోతోంది. మెస్సులో ఎవరో కొత్తాయనకు నన్ను చూపించి "ఈయన జయశీల సిస్టర్ గారి భర్త" అన్నారు. అన్నం సహించలేదు.

ఉద్యోగం పక్కనపెట్టి వచ్చినవాణ్ణి నేను. పిలుపు నాది. ఆవిడ వంటకొచ్చిన మనిషి. ఇదెక్కడి న్యాయం బావా?

ఇట్లు,
కుళ్ళిపోతున్న నీ
దేవకుమార్


ఉక్కునగరం,
ఆగస్టు

బావా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. జయశీల నాకు చెల్లెలు. చెల్లెలికి పేరొస్తే అన్న సంబరపడతాడు. కాబట్టి నా దగ్గర నీకు న్యాయం దొరకదు.

అయితే నీకు నీతులు చెప్పే మొహం కూడా నాకు లేదు. హేమశ్రీ స్కూటీ నేర్చుకుంది. నాకంటే బాగా నడుపుతోంది. మార్కెట్టుకు వెళ్దాం ఎక్కండి అంటే, కాళ్ళకు నడక మంచిదని డాక్టరు చెప్పాడని అబద్ధమాడి ఎండలో నడిచి వెళ్తున్నాను. ఆవిడ నా పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోతోంది. చూసిన వాళ్ళంతా నవ్వుతున్నారు. వెనక సీటులో కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు బావా.

సెలవు సంగతి మరిచిపోకు. అక్టోబరు ఎంతో దూరం లేదు. నేనేమీ అడగడం లేదు. అర్జునరావు గురక మాత్రం పెరిగింది.

ఇట్లు,
నడిచిపోతున్న
సన్యాసిరాజు


మధురవాడ,
సెప్టెంబరు

బావా,

ఇంక నావల్ల కాదు.

ఈ నెలాఖరు ఆదివారం ఇక్కడ కృతజ్ఞతా కూడిక. నగరంలోని చర్చి సంఘాల పెద్దలంతా వస్తారు. కొత్తగా చేరిన కుటుంబాల్లోంచి ఒకరికి మాట్లాడే అవకాశం. ఎవరి మాట నచ్చితే వాళ్ళను సంఘాలవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మొన్న ప్రార్థన అయ్యాక అయ్యగారు పేరు చదివారు. "దేవకుమార్ గారి ఇంటి నుంచి..." అన్నారు. నేను సగం లేచాను బావా. "...జయశీల సిస్టర్," అన్నారు. ఆ సగంలోంచి మళ్ళీ కూర్చోవడం ఎంత సేపు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. పక్కనున్న బ్రదర్ నా భుజం తట్టాడు. ఆ తట్టడం ఇంకా మండుతోంది.

ఇంటికొచ్చి జయశీలతో అన్నాను, "వంటకొచ్చేనన్నావు కదా, వంట సేసుకో. పెద్దోళ్ళ ముందు నీకేటి పని?" అని. పోట్లాడుతుందని చూశాను, పోట్లాడలేదు. ఆ రోజు నుంచి వంటింట్లో మాట లేదు. పిండి పిసికే చప్పుడొక్కటే వస్తోంది. దీనా వచ్చి, "అమ్మ ప్రసంగం ఆపేసిందేటి నాన్నా?" అని అడిగింది. దాన్ని కసిరాను.

నేను వచ్చేస్తున్నాను. పాస్టరయ్యే యోగం నాకు లేదు. తిరిగి చేరతానని ప్లాంటు ఆఫీసులో చెప్పు. కూడిక మర్నాడు, సోమవారం పొద్దున్నే, సామానుకు ఒక వ్యాను పంపు.

ఇట్లు,
దేవకుమార్


ఉక్కునగరం

బావా,

వ్యాను మాట్లాడాను. గోపి అని మనవాడే, సోమవారం టిఫిన్ల వేళకు మీ గేటు దగ్గరుంటాడు. నాకు షట్‌డౌన్ పని పడింది, రాలేను. ఆఫీసులో కూడా చెప్పి ఉంచాను. అర్జునరావును సీటు ఖాళీ చెయ్యమన్నాను.

నువ్వు వస్తున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో రాయను. రాస్తే నేను ఇన్నాళ్ళూ ఆ క్యాంపస్ మీద ఎంత ఏడ్చానో నీకు తెలిసిపోతుంది.

ఒక్క సంగతి. నీ సామాను వ్యాను ఎక్కుతుంది సరే, చెల్లెమ్మ ఎక్కుతుందో లేదో అడిగావా? నీ ఉత్తరంలో ఎక్కడా అడిగినట్టు లేదు. ఆదివారం ఆవిడను మాట్లాడనివ్వు. తర్వాత నీ ఇష్టం.

ఇట్లు,
సన్యాసిరాజు


మధురవాడ,
సోమవారం

ప్రియమైన బావా,

వ్యాను గేటు దగ్గరుంది. గోపి ఇడ్లీ తింటున్నాడు. అతను చెయ్యి కడుక్కునేలోపు ఇది రాసి ఇవ్వాలి.

నిన్న హాలు నిండిపోయింది. మధ్యలోనే లేచిపోదామని నేను ఆఖరి వరుసలో, చెప్పులు విడిచే తలుపు దగ్గర కూర్చున్నాను. నువ్వు రాశావని నేను మళ్ళీ వద్దనలేదు, జయశీల మైకు ముందుకొచ్చింది. దుకాణం సంగతి మొదలుపెట్టింది. కానీ ఏదో పద్దు చదివినట్టు చెబుతోంది. పెళ్ళిచీర తెచ్చినావిడ గురించి చెప్పినప్పుడు నవ్వొచ్చే మాట ఒకటుంది, దాన్ని మింగేసింది. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించలేదు. ఫాల్ గుడ్డ దాకా వచ్చి ఆగిపోయింది. "తర్వాతిది గుర్తు రావట్లేదండి. క్షమించండి," అని తల దించుకుంది. ముందు వరుసలో పెద్దలు దగ్గారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

నేను కోరుకున్నది అదే కదా. ఒక్క క్షణం సంతోషం వేసింది, నీ దగ్గర దాచను. వెంటనే తెలిసిపోయింది. ఆవిడ మరిచిపోలేదు బావా. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నాకోసం కావాలని చెడగొట్టుకుంటోంది. అంతమందిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. ఎందుకంటే ఆ ప్రసంగం ఆవిడ తర్వాత అక్షరం పొల్లుపోకుండా వచ్చింది నాకే. కుళ్ళుకుంటూ విన్నా విన్నట్టే కదా.

ఎప్పుడు లేచానో తెలీదు. "జయా! నానబెట్టడం సెప్పు! ఆ గుడ్డ నానబెట్టడం సెప్పు!" అని ఆఖరి వరుసలోంచి అరిచాను.

హాలంతా వెనక్కి తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూర్చోలేదు. ఈసారి పూర్తిగా లేచి ఉన్నాను. జయశీల తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత మైకు దగ్గరకు లాక్కుని, "ఆ నిలబడ్డాయన మా ఆయనండి. నానబెట్టకుండా కుట్టేసిన గుడ్డంటే ఎలా ఉంటాదో సూడాలంటే ఆయన్ని సూడండి," అంది. హాలు గొల్లుమంది. అయ్యగారు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. మింగేసిన మాట కూడా మళ్ళీ తీసుకొచ్చి చెప్పింది. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించింది. ముందు వరుసలోని పెద్దలు రుమాళ్ళు తీశారు. నేనూ తుడుచుకున్నాను. అందరికంటే ముందు, ఎందుకంటే ఏం రాబోతోందో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక అడిగాను, "నువ్వు మరిసిపోనేదు కదా?" అని.

"మీకెలా తెలుసు? నా మాటలంటే మీకు గిట్టదు కదా?"

"గిట్టకే రోజూ విన్నాను."

ఆవిడ నవ్వలేదు. స్టవ్ వెలిగిస్తూ, "వ్యానొస్తే మీరెక్కండి. నానూ దీనా ఇక్కడే ఉంటాం. నన్నూ పిలిసేడండి. ఆలస్యంగా వినబడింది, అంతే," అంది.

వ్యాను ఖాళీగా పంపుతున్నాను బావా. గోపి చేతికిచ్చిన రెండో కవరు నా రాజీనామా. ఆఫీసులో నువ్వే ఇవ్వు. అర్జునరావును మళ్ళీ ఆ సీట్లో కూర్చోమను, నన్ను తిట్టుకో. వీలైతే వరండాలో ఉన్న ఆ కుట్టు మిషన్ ఈ వారంలో ఇటు పంపించు.

నా అసూయ పోయిందనుకుంటున్నావేమో. పోలేదు. పరవాడ సంఘంవాళ్ళు వచ్చే ఆదివారం ఆవిడను పిలిచారు. నన్ను ఎవరూ పిలవలేదు. అయినా వెళ్తున్నాను. ఆఖరి వరుసలో కూర్చుంటాను. మాట అందించేవాడు ఒకడుండాలి కదా. నువ్వు కూడా ఇంక ఆ ఎండలో నడవకుండా స్కూటీ ఎక్కు.

ఇట్లు,
జయశీల సిస్టర్ గారి భర్త,
దేవకుమార్