లారీల వైపు

అన్నా,

పత్తి సీజన్ మళ్లీ దగ్గరపడింది. నువ్వు లేకుండా వస్తున్న మొదటి సీజన్ ఇది.

ఆదోనిలో పత్తి మార్కెట్ నుంచి బట్టల బజారు దాకా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేరుగా దారి వేస్తున్నారు. ఇప్పటికైతే రోడ్డు పక్కన తెల్లగీత గీశారు, అంతే. నువ్వు పత్తి లారీ తగిలి పడిపోయిన చోటు మీదుగానే గీత పోయింది.

కొలతలు తీస్తున్న ఇంజనీరును ఆపి అడిగాను.

"ఇప్పుడు లారీలు ఖాళీగా పోతాండాయి సార్. సీజన్లో పత్తి మూటలు రెండు పక్కలా ఉబ్బి బయటికొస్తాయి. గీత దాటి వస్తే ఎట్లా?"

"అంచున రాళ్లు పాతాలని రాసినామమ్మా. మంజూరు కావాల. అంతదాకా సూసుకొని పోండి," అన్నాడు.

నీ కూతురు సునీత బట్టల బజారులో పనికి కుదిరింది. నీ సైకిలు బాగు చేయించుకుంది. "గీత గీసినారు గదత్తా, ఇంకేం భయం?" అంటుంది. గీతను గోడలా నమ్ముతోంది. నా భయమంతా అదే.

ఈరోజు బతిమాలితే సైకిలు తోసుకుంటూ నడిచింది. చిన్నప్పుడు బడికి పోతూ నువ్వు నన్ను కాలువ వైపు నడిపించి, లారీల వైపు నువ్వు నడిచేవాడివి. నేనూ సునీతను లోపలి వైపు పెట్టి గీత మీద నడిచాను. వెనక హారన్ మోగినప్పుడల్లా సైకిలు సీటు గట్టిగా పట్టుకున్నాను.

బజారు రాగానే అది నవ్వింది. "రేపట్నుంచి ఎక్కి పోతానత్తా."

సైకిలు పక్కన నేనెంత దూరం పరిగెత్తగలను అన్నా?